నలభై నాలుగో మెట్టు

61వ ఏడు, 212వ రోజు
తేమ 34. పలికే మెట్లు 73.

గుమ్మటంలో చెక్కతో చేసిన వస్తువు ఏదున్నా దానికొక రిజిస్టరు ఉండాలని, అందులో రోజూ తేమ రాయాలని నియమం. మా మూడో గుమ్మటం మొత్తానికి చెక్క వస్తువులు రెండే. ఒకటి ఆసుపత్రిలో ఉన్న పాత ఊతకర్ర. రెండోది నా పియానో. ఊతకర్ర రిజిస్టరులో తేమ తప్ప ఇంకేమీ ఉండదట. ఇందులో ఇన్ని కబుర్లేమిటని స్టోరు గోవిందరావుగారు ఏడాదికోసారి సంతకం పెడుతూ గొణుగుతారు. మీ ఊతకర్ర దగ్గరికి రోజూ నేర్చుకోవడానికి ఎవరైనా వస్తున్నారా అని అడిగాను. సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

ఈ ఉదయం ముప్పై ఏడో మెట్టు పోయింది. తీగ తెగలేదు. తీగలకేం, కార్ఖానాలో కావలసినన్ని లాగుతారు. తీగను బిగించి పట్టుకునే చెక్క ఎండి బీటలు వారింది. ఇంక అక్కడ మేకు నిలవదు. ఎంత బిగించినా గంటలో వదులైపోతోంది. ఈ ఎర్రమట్టిలో చెట్టు మొలిచి, ముదిరి, పలక అయ్యేదాకా నేనుండను.

పైడమ్మ పాఠానికి వచ్చి ఆ మెట్టు నొక్కి చూసింది. టక్కుమని చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఓలమ్మ, ఇది కూడా పోనాదా పంతులమ్మా?”

“పోయింది. ఏడవకు. చెయ్యి కడుక్కుని కూర్చో.”

మజ్జి పైడమ్మకి భూమి లెక్కలో పందొమ్మిదేళ్ళు. ఇక్కడి ఏడాది దానికి దాదాపు రెండింతలు, అందుకే వయసులకి భూమి లెక్కే వాడతాం. ఆరేళ్ళప్పుడు నా దగ్గరికి వచ్చింది. పియానోని రోజుకు మూడు గంటలకు మించి ముట్టుకోకూడదని ఆంక్ష ఉంది కాబట్టి, మిగిలిన సాధనంతా ఇంట్లో ప్లాస్టిక్ పలక మీద గీసిన మెట్ల మీదే. నేనూ అలాగే నేర్చుకున్నాను. నాకు పన్నెండేళ్ళు పట్టిన పాఠాలు ఈ పిల్లకి ఏడేళ్ళలో వచ్చేశాయి. మొదట్లో కాస్త కుళ్ళుకున్నాను కూడా. ఇప్పుడు అదంతా పోయింది. ఈ పిల్ల వాయిస్తుంటే నా ఒంట్లో నొప్పులు గుర్తుండవు.

మధ్యపురంలో నగర వాద్యకారుల ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. అక్కడ కొత్త పియానో ఉంది, ఎనభై ఎనిమిది మెట్లూ పలుకుతాయి. వడపోత కోసం పోయిన నెల మన హాల్లో ఎవరూ లేకుండా పైడమ్మ ఒక్కతే వాయించింది రికార్డు చేసి పంపాం. ఇంకా జవాబు రాలేదు.

61వ ఏడు, 219వ రోజు
తేమ 35. పలికే మెట్లు 73.

ముప్పై ఏడో మెట్టుని ఈ రోజు ఇంటికిచ్చాం.

ఈ పద్ధతి మా గురువుగారి కాలం నుంచి ఉంది. పోయిన మెట్టు గొంతుకి అందే స్వరమైతే, ఆ ఏడాది ఏ ఇంట్లో మనిషి పోతే ఆ ఇంటికి దాన్ని ఇస్తాం. అప్పటి నుంచి కచేరీలో ఆ మెట్టు మీద వేలు పడినప్పుడల్లా ఆ ఇంటివాళ్ళు కూర్చున్నచోటి నుంచే ఆ స్వరం పాడతారు. దీన్ని మేం పూరింపు అంటాం. ఇప్పుడు పది ఇళ్ళకి పది స్వరాలున్నాయి. మరీ పైనా, మరీ కిందా పోయిన మెట్లు అయిదున్నాయి. అవి ఎవరి గొంతుకీ అందవు కాబట్టి వాటిని మనసులోనే వినాలి. ఒకప్పుడు పాలకమండలి వాళ్ళు కరెంటుతో పలికే పెట్టె ఇస్తామన్నారు. వద్దని ఇళ్ళవాళ్ళే చేతులెత్తారు.

ముప్పై ఏడు గోవిందరావుగారికి వెళ్ళింది. వాళ్ళమ్మగారు మొన్న వేసవిలో పోయారు. శ్రుతి దండం మోగించి పాడమన్నాను. ఆయన పాడింది వేరే ఊళ్ళో స్వరం.

“మీ అమ్మాయి పాడితే బాగుంటుందేమో” అన్నాను.

“అలగనకండి పంతులమ్మగారూ. మాయమ్మ స్వరం నానే పాడాల. ఎన్నాళ్ళయినా నేర్చుకుంతాను.”

సరే, గంటసేపు కూర్చోబెట్టి నేర్పాను. పొద్దున్న స్టోరులో నాకు తేమ కోటా పెంచనన్న మనిషి, సాయంత్రం నా ముందు చేతులు కట్టుకుని ఒకే ఒక్క స్వరం నలభైసార్లు పాడాడు. చివరికి దగ్గరకొచ్చింది. ఆయన కళ్ళు తుడుచుకుంటుంటే నేను రిజిస్టరు చూస్తున్నట్టు నటించాను.

పైడమ్మవాళ్ళది నలభై నాలుగో మెట్టు. వాళ్ళ నాన్న రామ్మూర్తి సొరంగం కప్పు కూలి పోయిన వారంలోనే ఆ మెట్టూ పోయింది. అప్పుడు పైడమ్మకి ఏడేళ్ళు. పియానో ముందు కూర్చున్నవాళ్ళు పాడలేరు కాబట్టి వాళ్ళమ్మ సన్యాసమ్మ పాడుతుంది. నీళ్ళ ప్లాంటులో పని, చప్పుడులో అరిచి అరిచి గొంతు గరుకు తేలింది. కానీ ఆ ఒక్క స్వరం మాత్రం ఎప్పుడూ తప్పు పోదు.

61వ ఏడు, 240వ రోజు
తేమ 33. పలికే మెట్లు 73.

మధ్యపురం నుంచి జవాబు వచ్చింది. పైడమ్మ తుది పోటీకి ఎంపికైంది. మొత్తం ఆరుగురు. పోటీకి ఇంకా అరవై అయిదు రోజులుంది.

ఇంతవరకూ చదివి ఎగిరి గంతేశాను, ఈ మోకాళ్ళతో. తర్వాత కింద రాసింది చదివాను. “అభ్యర్థి స్పర్శలో అరుదైన మృదుత్వం ఉంది. వాయిద్యం లోపాలను మేము లెక్కలోకి తీసుకోలేదు. అయితే అనేకచోట్ల లయ వెనక్కి జారుతోంది. కారణం అర్థం కాలేదు. తుది పోటీలో ఇదే కొనసాగితే అభ్యర్థిని పరిశీలించడం సాధ్యపడదు.”

లయ జారుతోందా! నా పిల్లకా! పదమూడేళ్ళు నేను నేర్పిన లయ! ఆ కాగితం తీసుకెళ్ళి స్టోరులో గోవిందరావుగారి మీద అరిచాను. ఆయనేం చేస్తారు పాపం, ఉత్తరం తెచ్చిచ్చిన మనిషి.

61వ ఏడు, 241వ రోజు
తేమ 33. పలికే మెట్లు 73.

వాళ్ళు చెప్పింది నిజమే.

తాళపు యంత్రం పెట్టి పైడమ్మ చేత నిదానపు భాగం వాయించాను. పోటీకిచ్చిన రచనలో రెండో భాగం అది, చాలా మెల్లగా నడుస్తుంది. పలికే మెట్ల మీద యంత్రమూ పిల్లా ఒకటే నడక. పోయిన మెట్టు వచ్చేసరికి పిల్ల రెప్పపాటు వెనకబడుతోంది. అన్నింటికన్నా ఎక్కువగా నలభై నాలుగో మెట్టు దగ్గర.

కారణం వాళ్ళకి అర్థం కాలేదు కానీ నాకు వెంటనే అర్థమైంది. హాల్లో కూర్చున్నవాళ్ళు వేలు పడటం చూసి, అప్పుడు ఊపిరి తీసి పాడతారు. వాళ్ళ గొంతు వచ్చి చేరేదాకా మా చెయ్యి తర్వాతి స్వరానికి వెళ్ళదు. మా గురువుగారు అలాగే వాయించారు, నేనూ అలాగే వాయించాను. ఇలా ఆగుతున్నామని మాలో ఎవరికీ తెలియదు. నడకే అలా ఉంటుందనుకున్నాం. నేను నేర్పని పాఠం కాదిది, నేర్పుతున్నానని తెలియకుండా నేర్పిన పాఠం.

నేనూ యంత్రం పెట్టుకుని వాయించి చూసుకున్నాను. ఆగుతున్నాను.

“మరిప్పుడేటి సెయ్యడం పంతులమ్మా?” అంది పైడమ్మ.

“ఆగడం మానెయ్యాలి.”

“ఆగుతున్నట్టే నాకు తెలీట్లేదు. తెలీనిది ఎలగ మానీది?”

61వ ఏడు, 249వ రోజు
తేమ 31. పలికే మెట్లు 73.

బయట దుమ్ము తుఫాను. సౌరపలకలు మూసుకుపోయి కరెంటు కోత. తేమ యంత్రం నాలుగు గంటలు ఆపారు. స్టోరుకి వెళ్ళి తగువు పెట్టుకుని తడి తువాళ్ళు తెచ్చి పియానో లోపల వేలాడదీశాను.

ఎనిమిది రోజులుగా పాఠం ముందుకు సాగడం లేదు. గుమ్మం దగ్గర ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళేముందు కాసేపు ఆగి, తమ మెట్టు వస్తే పాడి, లేచి వెళ్తారు. ఇది మా ఊళ్ళో ఎప్పుడూ ఉన్నదే. వాళ్ళు పాడినంత కాలం ఈ పిల్ల చెయ్యి ఆగుతూనే ఉంటుంది.

61వ ఏడు, 251వ రోజు
తేమ 32. పలికే మెట్లు 73.

క్యాంటీనులో పది ఇళ్ళవాళ్ళనీ కూర్చోబెట్టి అడిగాను. పోటీ అయ్యేదాకా ఎవరూ పూరించవద్దని, నెలవారీ కచేరీలు కూడా ఉండవని చెప్పాను.

ఎవరూ కాదనలేదు. అదే నాకు కష్టమనిపించింది. తగువు పెట్టుకుని ఉంటే నాకూ నాలుగు మాటలుండేవి. గోవిందరావుగారు మాత్రం, “ఇప్పుడిప్పుడే కుదురుతున్నాది, మళ్ళీ పోతాదేటో” అన్నారు మెల్లగా.

సన్యాసమ్మ చివరిదాకా కూర్చుంది. అందరూ వెళ్ళాక అడిగింది.

“అయితే ఆ మెట్టు కాడ ఏటుంటాదండీ?”

“ఏమీ ఉండదు. వేలు పడుతుంది, అంతే.”

“ఏటీ లేకుండా అది ఎలగ వాయిస్తాది పంతులమ్మగారూ?”

“అలవాటు చేస్తాను.”

కంచం చేతిలోకి తీసుకుని లేచింది. “సరేలెండి. మా గుంట కోసమే కదా. నాను ఆ దారంట రానులెండి, వొస్తే నోరాగదు” అంది. రేపటి నుంచి ప్లాంటుకి వెనక సొరంగం గుండా చుట్టూ తిరిగి వెళ్తుందట. అర కోసు ఎక్కువ.

61వ ఏడు, 266వ రోజు
తేమ 33. పలికే మెట్లు 72.

ఇంకోటి పోయింది. డెబ్బై తొమ్మిదోది, పాడటానికి అందని ఎత్తు. దానికి ఇల్లు అవసరం లేదు.

పైడమ్మ వెనక నిలబడి, నలభై నాలుగో మెట్టు వచ్చిన ప్రతిసారీ దాని మణికట్టు పట్టుకుని ముందుకు తోస్తున్నాను. నిదానపు భాగంలో ఆ మెట్టు పద్నాలుగుసార్లు వస్తుంది. పద్నాలుగుసార్లు తొయ్యాలి. అలా రోజుకి పన్నెండుసార్లు. నా చిన్నప్పుడు మా గురువుగారు స్కేలుతో వేళ్ళ మీద కొడితే జన్మలో పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదనుకున్నాను. ఇది కొట్టడం కాదు. కానీ పిల్ల మణికట్టు మీద నా వేళ్ళ గుర్తులు పడ్డాయి.

ఈ రోజు మధ్యలో చెయ్యి లాగేసుకుంది.

“పంతులమ్మా, అక్కడ ఆగకపోతే మా నాన్నని దాటీసి ఎల్లిపోతన్నట్టున్నాది.”

నేనప్పుడు దాన్ని దగ్గరికి తీసుకుని ఉండాల్సింది. పోటీకి ముప్పై తొమ్మిది రోజులుందన్న లెక్క తప్ప నా బుర్రలో ఏమీ లేదు.

“అయితే దాటి వెళ్ళు. నీ పని అదే” అన్నాను.

అది నా మొహంలోకి చూసింది. తర్వాత ముందుకు తిరిగి మొదటి నుంచి వాయించింది. ఏడుపు రాలేదు.

61వ ఏడు, 283వ రోజు
తేమ 34. పలికే మెట్లు 72.

వచ్చేసింది. యంత్రం పెడితే మొదటి నుంచి చివరిదాకా వెంట్రుకంత తేడా లేదు. పద్నాలుగు చోట్లా దాటి వెళ్ళిపోయింది. నేను మణికట్టు ముట్టుకోలేదు.

ఎంత బాగుందో రాయాలి, నిజం రాయాలి కదా. చాలా బాగుంది. కొత్తగా, శుభ్రంగా, ఎవరో పరాయి ఊరి గొప్ప విద్వాంసురాలు వాయించినట్టుంది. పోయిన మెట్ల దగ్గర చిన్న చిన్న ఖాళీలు, వాటిని పట్టించుకోకుండా సాగిపోయే నడక. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. అయిపోయాక నేనొక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

61వ ఏడు, 299వ రోజు
తేమ 35. పలికే మెట్లు 72.

పైడమ్మ మధ్యపురం బండిలో బయల్దేరింది. అయిదు రోజుల ప్రయాణం. నాకు అనుమతి దొరకలేదు, గుండె ఆ ఒత్తిడిని తట్టుకోదని డాక్టరు సంతకం పెట్టలేదు. ద్వారం దగ్గర సన్యాసమ్మ పిల్లకి వేయించిన నాచు ఉండలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. పైడమ్మ నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. దాని వేళ్ళకి చలి తగలకూడదని నా చేతి తొడుగులు విప్పి ఇచ్చాను.

61వ ఏడు, 308వ రోజు
తేమ 35. పలికే మెట్లు 72.

మధ్యపురం నగర వాద్యకారిణిగా మజ్జి పైడమ్మని నియమించారు.

క్యాంటీనులో ఈ రోజు అందరికీ బెల్లం పానకం. సన్యాసమ్మని ఆడవాళ్ళందరూ చుట్టుకుని ముద్దులు పెట్టుకున్నారు. గోవిందరావుగారు అడక్కుండానే తేమ కోటా పెంచారు. “ఇదేదో ముందే పెంచి ఉంటే ముప్పై ఏడు బతికేది” అన్నాను. “బతికుంటే మాయమ్మ స్వరం నాకెలగొచ్చీది?” అన్నారాయన. మా గుమ్మటం పుట్టాక ఇక్కడి నుంచి మధ్యపురం కచేరీ వేదిక మీదికి వెళ్ళినవాళ్ళు లేరు. గర్వంగా ఉంది. నిజంగానే గర్వంగా ఉంది.

61వ ఏడు, 331వ రోజు
తేమ 34. పలికే మెట్లు 72.

పైడమ్మ సామాన్లు సర్దుకోవడానికి పది రోజుల సెలవు మీద వచ్చింది. నిన్న సాయంత్రం మన హాల్లో కచేరీ. ఇళ్ళవాళ్ళందరూ ఎనభై రోజుల తర్వాత నోరు విప్పబోతున్నారు. గోవిందరావుగారు ఇస్త్రీ చేసిన కోటు వేసుకొచ్చారు. సన్యాసమ్మ ఎప్పుడూ కూర్చునే మూడో వరసలో కూర్చుంది.

నిన్న జరిగింది రాయకుండా ఉండాలనుకున్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు కాబట్టి రాస్తున్నాను.

మొదటి భాగం వేగంగా సాగుతుంది, అందులో తేడా అంతగా తెలియలేదు. నిదానపు భాగం మొదలైంది. మొదటి ఖాళీ గోవిందరావుగారిదే. వేలు పడింది, ఆయన ఊపిరి తీసి పాడారు. అప్పటికి పియానో తర్వాతి స్వరంలో ఉంది. రెండూ గుద్దుకున్నాయి. ఆయన చటుక్కున ఆగి అటూ ఇటూ చూశారు, తనదే తప్పనుకుని. తర్వాత గనగళ్ళవాళ్ళది, ఆ తర్వాత ఇంకో ఇల్లు. అందరి గొంతులూ ఆ పిల్ల వెళ్ళిపోయాక వచ్చాయి. మధ్యలోకి వచ్చేసరికి ఒక్కొక్కరే నోళ్ళు మూసుకున్నారు. కచేరీ పాడవుతుందని భయపడ్డారు.

సన్యాసమ్మ మానలేదు. ప్రతి నలభై నాలుగు దగ్గరా పాడింది. ప్రతిసారీ ఆలస్యమైంది. హాల్లో ఆవిడ గొంతు ఒక్కటే, పాట ముందుకు వెళ్ళిపోయాక వెనక నుంచి వస్తోంది.

పైడమ్మ వీపు బిగుసుకోవడం నేను చూశాను. ఆరోసారి కావాలని ఆగింది. ఆ ఆగడం ఎక్కువైపోయి పాట తెగింది. ఏడోసారి మళ్ళీ ఆగింది, ఈసారి తక్కువైంది. ఒకప్పుడు దానంతటదే వచ్చేది. ఇప్పుడు ఎంత ఆగాలో పిల్లకి తెలియడం లేదు. వేళ్ళు మెట్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగింది.

“పంతులమ్మా, రావట్లేదు.”

అంతమంది ముందు, చిన్నప్పుడు పాఠం రానప్పుడు అన్నట్టే అంది. నేను లేచి దాని దగ్గరికి వెళ్ళాను. ఆ పాఠం నేను పదమూడేళ్ళు ఇచ్చి, నలభై రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నాను. ఎలా ఇచ్చానో తెలియదు కాబట్టి మళ్ళీ ఎలా ఇవ్వాలో కూడా తెలియదు.

మూడో వరస నుంచి సన్యాసమ్మే అంది: “నువ్వు వాయించీమ్మా. మేం ఇంతాం.”

వాయించింది. ఎవరూ పాడలేదు. అయిపోయాక అందరూ నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. మా హాల్లో కచేరీకి చప్పట్లు కొట్టడం ఎప్పుడూ లేదు. పాడినవాళ్ళు తమకి తాము చప్పట్లు కొట్టుకోరు కదా.

61వ ఏడు, 338వ రోజు
తేమ 34. పలికే మెట్లు 72.

పైడమ్మ వెళ్ళిపోయింది. ఈసారి ఉద్యోగానికి. మళ్ళీ సెలవు ఎప్పుడో తెలియదు.

వెళ్ళేముందు వారం రోజులూ పొద్దున్నే వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం కలిసి ఆగడం ప్రయత్నించాం. నేను పాడాను, అది వాయించింది. రాలేదు. చివరి రోజు నవ్వి, “ఊరుకోండి పంతులమ్మా, అక్కడ అన్నీ పలుకుతాయి కదా, దీంతో పనేటి” అంది. నన్ను ఓదార్చడానికి అన్నదని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం సన్యాసమ్మ ఇంటికి వెళ్ళాను. “తప్పు నాది” అని చెప్పాను. ఆవిడ నా చేతికి టీ కప్పు ఇచ్చింది.

“తప్పేటండి. దానికి బతుకిచ్చారు. నాను నీళ్ళ ప్లాంటులో పెట్టీద్దునేమో, మీరు కాకపోతే.”

కప్పులో టీ చల్లారిపోయింది. తాగలేకపోయాను.

61వ ఏడు, 347వ రోజు
తేమ 33. పలికే మెట్లు 72.

షిఫ్టు దిగి తిన్నగా వచ్చింది సన్యాసమ్మ, పని కోటు కూడా విప్పకుండా.

“పంతులమ్మగారూ, అది ఆగదు కదా ఇంక. అలగయితే నానే బేగి రావాల. నాకు నేర్పీండి.”

నాకు మొదట అర్థం కాలేదు. విడమరిచి చెప్పింది. ఇన్నాళ్ళూ వేలు చూసి పాడింది కాబట్టి ఆలస్యమైంది. వేలు చూడకుండా, వేలుతో పాటే రావాలంటే ఆ పాటంతా తనకి తెలియాలి. ఎప్పుడు వస్తుందో ముందే తెలియాలి. యాభై ఏళ్ళ మనిషి, స్వరం అంటే ఆ ఒక్కటే తెలిసిన మనిషి, నిదానపు భాగమంతా నేర్చుకుంటానంటోంది.

“అది మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు కదా సన్యాసమ్మా” అన్నాను.

“వొచ్చినప్పుడు నాను తయారుగా ఉండొద్దా?”

మొదలుపెట్టాం.

61వ ఏడు, 430వ రోజు
తేమ 32. పలికే మెట్లు 71.

పోయిన వారం ఇంకో మెట్టు పోయింది, అదీ గొంతుకి అందనిదే. నాకున్న శిష్యులందరిలో మొండి శిష్యురాలు సన్యాసమ్మ. ఇంత మొండితనం కూతురికి కూడా లేదు. తాళపు యంత్రం చప్పుడు ప్లాంటులో పంపు చప్పుడులా ఉందని, పని చేస్తూ పంపుతో పాటు పాట లెక్కపెట్టుకుంటోందట. తోటివాళ్ళు పిచ్చెక్కిందనుకుంటున్నారట. నా వేళ్ళు ఈ చలికి బిగిసిపోతున్నాయి, అయినా వాయిస్తున్నాను. నేనూ యంత్రం ప్రకారమే వాయించాలి, ఆగకూడదు. ఆవిడ కోసం ఆగకుండా వాయించడం నేర్చుకుంటున్నాను.

పద్నాలుగింటిలో ఈ రోజు అయిదు సరిగ్గా పడ్డాయి.

61వ ఏడు, 522వ రోజు
తేమ 34. పలికే మెట్లు 71.

మూడు రోజులుగా పద్నాలుగుకి పద్నాలుగూ పడుతున్నాయి. నేను ఏమీ నేర్పక్కర్లేదు. అయినా రోజూ వస్తోంది.

61వ ఏడు, 540వ రోజు
తేమ 34. పలికే మెట్లు 71.

ఈ రోజు మధ్యపురం కచేరీ అన్ని గుమ్మటాలకీ ప్రసారం. పోటీలో వాయించిన రచనే వాయిస్తుందని చెప్పి పైడమ్మ పేరు చదివినప్పుడు మా హాల్లో ఈలలు. స్పీకరుని పియానో మూత మీద పెట్టాం. పది ఇళ్ళవాళ్ళూ వచ్చారు. ఎవరూ పాడటానికి రాలేదు, వినడానికి వచ్చారు. ఆ పియానోలో పూరించడానికి ఏముంది.

సన్యాసమ్మ నా పక్కనే, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది. నిదానపు భాగం మొదలయ్యేసరికి వీపు నిటారుగా పెట్టి ఊపిరి తీసుకుంది. అప్పుడు తెలిసింది నాకు. వద్దని చెయ్యి పట్టుకోబోయి మానుకున్నాను.

నలభై నాలుగో మెట్టు వచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత ఆ స్వరం తీగ మీద విన్నాం. నిండుగా, గుండ్రంగా పలికింది. సరిగ్గా అదే క్షణాన సన్యాసమ్మ నోరు కదిలింది, గొంతు దగ్గర నరం ఉబ్బింది. నేను పక్కనే ఉన్నాను. నాకు పియానో తప్ప ఏమీ వినబడలేదు.

పద్నాలుగుసార్లూ పాడింది. ఒక్కటీ ముందు కాలేదు, వెనక కాలేదు. గోవిందరావుగారు వెనక్కి తిరిగి చూసి మళ్ళీ ముందుకి తిరిగారు. అక్కడ మధ్యపురంలో నా పిల్ల ఎక్కడా ఆగకుండా వాయించింది. చాలా గొప్పగా వాయించింది.

ప్రసారం అయిపోయాక జనం లేచి వెళ్ళిపోతున్నారు. సన్యాసమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

“సరిగ్గా వొచ్చానా పంతులమ్మగారూ?”

“సరిగ్గా వచ్చావు.”

“నాకు నా గొంతు ఇనబడనేదు.”

“అవును సన్యాసమ్మా. అంత సరిగ్గా వచ్చావు.”

ఆవిడ తల ఊపింది. పని కోటు తొడుక్కుని, రెండో షిఫ్టుకి వెళ్ళిపోయింది.